పాత టైరు

స్వీకరించు అట. ఫోను తెర మీద పచ్చ బొత్తాం, దాని పక్కన తిరస్కరించు అని ఎర్ర బొత్తాం, పైన వెనక్కి పరిగెడుతున్న గడియారం. గంటలో రేసు మొదలవుతుంది, ఆలోపు ఏదో ఒకటి నొక్కాలి. ఆదివారం మధ్యాహ్నం, కళ్ళద్దాల షాపు వెనక గదిలో స్టూలు మీద కూర్చున్నాను, అన్నం డబ్బా మూత తియ్యలేదు, తియ్యబుద్ధి కావడం లేదు, పొద్దుట్నుంచీ ఒళ్ళు మండిపోతోంది. నిద్ర లేచి ఫోను చూస్తే మామయ్య దగ్గర్నుంచి రెండు ముక్కలు. టీం మొత్తం నీ పేరు మీదికి మారుస్తున్నానమ్మా, నేను ఇవ్వగలిగింది ఇదొక్కటే. ఇదొక్కటేనట. ఇవ్వాల్సింది వేరే ఉందని ఆయనకి తెలుసు, నాకు తెలుసు, అది ఇవ్వడానికి డబ్బూ అక్కర్లేదు, ఓపికా అక్కర్లేదు, నోరు తెరిస్తే చాలు, అయినా అది తప్ప ఆస్తి అంతా రాసిచ్చేటట్టున్నారు. నా మాజీ మొగుడి తండ్రిని ఇంకా మామయ్య అనే అంటున్నాను, విడాకుల కాగితంలో మామయ్య గురించి ఏమీ రాయలేదు మరి. కొడుకుని మాత్రం ఆయన కొడుకు అంటాను, అంతకంటే మంచి పేరు నా నోటికి రాదు.

ఇదొక ఆట. ఇంటర్నెట్లో రేసుకార్ల టీం నడపాలి. అందరూ అనుకున్నట్టు కారు మనం నడపం, నడిపేవాళ్ళని తెచ్చుకుంటాం, వాళ్ళకి తర్ఫీదు ఇస్తాం, ఇంజను దగ్గర్నుంచి రెక్కల దాకా తయారుచేయిస్తాం, ఎంత పెట్రోలు పొయ్యాలి, మెత్తటి టైరా గట్టి టైరా, ఎన్నో చుట్టుకి మార్చాలి, అన్నీ ముందే ఆలోచించి రాసిపెడతాం. వారానికొక రేసు. అది మొదలయ్యాక ఇక మన చేతిలో ఏమీ లేదు, గుడ్లప్పగించి చూడటమే. అసలు సమయానికి నోరు పెగలని మనుషుల కోసం చేసినట్టుంది ఈ ఆట, అందుకే కాబోలు మామయ్యకి అంత నచ్చింది. ఇవాళ సీజన్లో చివరి రేసు, మా రెండు కార్లలో ఒక్కటి ముందు వరసలో ముగింపు గీత దాటినా చాలు, పై లీగుకి వెళ్తాం. ఎన్నేళ్ళ నుంచో ఆ గుమ్మం దాకా వెళ్ళి కాలు జారి వెనక్కి వస్తున్నాం. సరిగ్గా ఇవాళే టీం చేతులు మార్చాలని ఈయనకి బుద్ధి పుట్టింది. బదిలీ తేలేదాకా టీం గాల్లో ఉంటుంది, ఆయన రాసిందీ చెల్లదు, నేను రాసిందీ చెల్లదు, నేను ఏదీ నొక్కకపోతే మెషినే కార్లు నడుపుతుంది. మెషిను నడిపితే ఎలా ఉంటుందో లీగులో చంటిపిల్లాడికైనా తెలుసు, ట్యాంకు నిండా పెట్రోలు, గట్టి టైర్లు, కారు గర్భిణీ నడక నడుస్తుంది. నొక్కవే, నొక్కితే ఏం పోయింది, నీ కష్టమే కదా అని ఒక మనసు. నొక్కితే ఆయన చేతులు దులుపుకుంటారు, ఇచ్చేశాను కదా అనుకుని హాయిగా నిద్రపోతారు అని ఇంకో మనసు. నేను ఈ రెండోదాని మాటే వింటున్నాను.

పెళ్ళయిన కొత్తలో ఆ ఇంట్లో మాటలు ఎంత తక్కువంటే, గోడ గడియారం చప్పుడు వినపడేది. ఆయన కొడుకు ఆఫీసు నుంచి వచ్చి టీవీ ముందు కూర్చునేవాడు, అత్తయ్య వంటింట్లోంచి బయటికి వచ్చేది కాదు, మామయ్య భోజనం దగ్గర ఉప్పు అందుకోవడానికి తప్ప తల ఎత్తేవారు కాదు. జీవితమంతా అరిగిపోయిన టైర్లకి కొత్త రబ్బరు తొడిగే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి, చేతులకి ఆ నల్లదనం ఇంకా పోలేదు. ఒకరోజు బట్టలు ఆరెయ్యడానికి వెనక వరండాలోకి వెళ్తే ఆయన తేలు కుట్టిన దొంగలా ఫోను తువ్వాలు కింద దాచారు. నేను ఏమిటేమిటో ఊహించుకున్నాను, తీరా చూస్తే రేసు కార్లు. "ఎవరికీ చెప్పకమ్మా" అన్నారు, నాతో అంత పొడుగు వాక్యం మాట్లాడటం అదే మొదలు. ఎందుకు చెప్పకూడదు అంటే చెప్పారు. కొడుకు బడిలో చదివేటప్పుడు వాడి మేనత్త పుట్టినరోజుకి ఒక వీడియో గేము ఇచ్చిందట, మార్కులు తగ్గాయని ఈయన దాన్ని వర్క్‌షాపు మెట్టు మీద పెట్టి సుత్తితో పగలగొట్టారట, పిల్లాడు ఏడవలేదట, చీపురు తెచ్చి ముక్కలన్నీ తనే ఊడ్చాడట. "ఇప్పుడు నేనే ఆడుతున్నానని వాడికి తెలిస్తే మొహం ఎక్కడ పెట్టుకోను" అన్నారు. నేను నవ్వాను. అప్పుడు నవ్వు వచ్చింది, ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నాకే వాయించుకోవాలనిపిస్తోంది. నాకూ నేర్పించండి అన్నాను. వారం తిరక్కుండా నాకు టైరు అరుగుదల లెక్కలు వచ్చేశాయి, నెలకి నేను చెప్పిన పథకంతో మొదటిసారి గెలిచాం, ఆ పూట ఆయన భోజనం దగ్గర తల ఎత్తి నన్ను చూసి, ఉప్పు అడగకుండానే నవ్వారు. అత్తయ్య ఏమైందండీ అని కూడా అడిగింది.

తలుపు తోసుకుని కౌంటరు అక్క లోపలికి తొంగిచూసింది. "తిన్నావా? ఆ పెద్దాయన అద్దాలు ఎంతవరకొచ్చాయి, బయట కూర్చుని కాళ్ళూపుతున్నాడు." ఐదు నిమిషాలక్కా అన్నాను. "మొహం ఏంటలా ఉంది, ఎవరితో పోట్లాట?" ఇంకా మొదలు పెట్టలేదక్కా అన్నాను, ఆమె నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. పెద్దాయన ఫ్రేము తీసుకుని అద్దం మీద కంటిపాప ఎక్కడ పడుతుందో అక్కడ మార్కరుతో చుక్క పెట్టాను. ఈ చుక్క ఒక్క వెంట్రుకవాసి పక్కకి పోతే చాలు, అద్దం పవరు సరిగ్గానే ఉంటుంది, ఫ్రేము అందంగానే ఉంటుంది, మనిషికి మాత్రం రోజూ తలనొప్పి, ఎందుకొస్తోందో తెలియని తలనొప్పి. అద్దాన్ని అరగదీసే మెషినులో పెట్టి మీట నొక్కితే నీళ్ళు చిమ్ముతూ రాయి తిరుగుతుంది, అంచులు అరుగుతాయి, తెల్లటి బురద కారుతుంది, ఆ చప్పుడులో ఎవరిని తిట్టినా ఎవరికీ వినపడదు. నేను ఈ గదిలో ఎన్నిసార్లు తిట్టుకున్నానో ఆ మెషినుకే తెలుసు.

ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరాలు రాసుకోవడమేమిటి అంటారు ఎవరైనా. ఏం చెయ్యను, ఆయన దాచమన్నారు. భోజనాల దగ్గర మాట్లాడుకోలేం, వరండాలో ఇద్దరం కూర్చుంటే అత్తయ్య చూస్తుంది, అందుకని ఆటలోనే సందేశాలు. ఆయన వరండాలోంచి రాస్తే నేను స్టవ్ ముందు నిలబడి జవాబు రాసేదాన్ని. ఆటలో ఆయన పేరు పాత టైరు. లేచావా అని, ఎదురుచూస్తున్నా త్వరగా చూడు అని, నా మాట వినేది నువ్వొక్కదానివే అని, ఎవరికీ చెప్పకు అని. ఎవరికీ చెప్పకు అన్నది ఎన్నిసార్లు రాశారో. కొడుకు ఒకనాడు నా ఫోను తీశాడు. మాకు అప్పటికే పడటం లేదు, నేను షాపులో చేరడం అతనికి ఇష్టం లేదు, నా జీతం ఇష్టమే, అదో తమాషా. ఆ సందేశాలన్నీ ఫొటోలు తీసుకుని పెట్టుకుని రెండు వైపుల పెద్దల్నీ కూర్చోబెట్టి ఒక్కొక్కటీ పైకి చదివాడు. మా అన్నయ్య, మా బాబాయి, వాళ్ళ పెదనాన్న, అత్తయ్య, మామయ్య, మధ్యలో టీ కప్పులు. ఆట పేరు చెప్పి పొద్దున్నే లేచి ఎవడితోనో కబుర్లు, వాడికి పేరు కూడా లేదు, పాత టైరట అన్నాడు. వాళ్ళ పెదనాన్న అయితే పెదాలు తడుపుకుంటూ ఇంకోటి చదువు, ఇంకోటి చదువు అన్నాడు. నేను మామయ్య వైపు చూశాను. ఆయన టీ మీద కట్టిన మీగడని చెంచాతో పక్కకి తీస్తున్నారు. తీసి సాసరు అంచున పెట్టారు, మళ్ళీ మీగడ కట్టిందేమో మళ్ళీ తీశారు. నేను చూస్తూనే ఉన్నాను, ఇప్పుడు చెబుతారు, ఇదిగో ఇప్పుడు, ఆ మీగడ తియ్యడం అయ్యాక చెబుతారు.

నేనే చెప్పొచ్చు కదా. అందరికంటే ముందు ఈ ప్రశ్న నన్ను నేనే వేసుకున్నాను, ఆ గదిలోనే, ఆ క్షణంలోనే. చెబితే ఏమయ్యేది, ఆయన ఔనని తల ఊపితే సరే, ఊపకపోతే? టీ కప్పులోకి చూస్తూ అలాగే కూర్చుంటే? కోడలూ మామగారూ దొంగచాటుగా పొద్దున్నే అని వాళ్ళ పెదనాన్న దాన్ని ఎక్కడికి తీసుకెళ్ళేవాడో నాకు ఆ పెదాలు చూస్తేనే తెలిసింది. అత్తయ్య మొహం ఏమయ్యేది. రాసిన మనిషి నోటితో వస్తే అది రేసుల గోల, నా నోటితో వస్తే అది బురద. అందుకే పంటి బిగువున ఊరుకున్నాను. ఊరుకోవడం చూసి అందరికీ ధైర్యం వచ్చింది. మా అన్నయ్య నన్ను తీసుకెళ్తూ దారిలో బండి ఆపి, "నాకైనా చెప్పవే, ఎవడే వాడు?" అని అడిగాడు. నన్ను ఎత్తుకుని పెంచిన అన్నయ్య. ఆ రోజు నుంచీ వాళ్ళింట్లో నాలుగు రోజులు మించి ఉండలేదు, వదిన ఎంత మంచిదైనా నేను గదిలోకి వస్తే ఫోను బోర్లా పెట్టి మాట మారుస్తుంది. ఇప్పటికీ ఎవరింట్లో శుభకార్యమైనా నన్ను చూసి ఇద్దరు ఆడవాళ్ళు తలలు దగ్గర పెట్టుకుంటారు. విడాకులు వచ్చినందుకు నాకు ఏడుపు లేదు, ఆ మొగుడు పోతే పోయాడు, వాడు అడిగినా వెళ్ళను. మచ్చ పడ్డ నా పేరు కావాలి నాకు వెనక్కి, తుడిచి ఇవ్వాలి ఎవరు పెట్టారో వాళ్ళు.

ఆట మాత్రం మానలేదు. నేను మానేస్తే మామయ్యకి హాయి, రోజూ నా పేరు చూడనక్కర్లేదు, అందుకే మానలేదు. కళ్ళల్లో నలుసులా ఉండాలని ఉన్నాను. మూడు సీజన్లు, ఆయన కారు తయారు చేస్తారు, నేను డ్రైవర్లని చూస్తాను, పథకం రాస్తాను, మధ్యలో ఒక్కటి తప్ప సందేశం లేదు. నిమ్మకు నీరెత్తినట్టు రోజూ వచ్చి ఇంజను పని చూసుకుని వెళ్ళిపోతారు. మొండోడు అని ఒక డ్రైవరు ఉన్నాడు మాకు, పేరు నేను పెట్టిందే, ఉత్త అంకెల మూట, దూకుడు మాత్రం హద్దు దాటి ఉండేది, ప్రతి రేసులో ఎవర్నో ఒకర్ని గుద్దేవాడు. అమ్మేద్దాం అన్నారు మామయ్య అప్పట్లో. నేను వద్దన్నాను, ఓర్పు నేర్పించాను, వారం వారం కొంచెం కొంచెం, ఎన్ని నెలలు పట్టిందో. నేను ఇల్లు వదిలి వచ్చాక జరిగిన మొదటి రేసులో మొండోడు గెలిచాడు. అద్దె గదిలో మంచం మీద ఒక్కదాన్ని కూర్చుని చూశాను, ఇప్పుడైనా రాస్తారు, అమ్మా నన్ను క్షమించు అని కాకపోయినా ఎలా ఉన్నావని అయినా రాస్తారు అనుకున్నాను. బాగుంది అని వచ్చింది. ఒక్క ముక్క. ఎవరు బాగున్నారు, మొండోడా నేనా? ఫోను గోడకేసి కొట్టబోయి, కొత్తది కొనుక్కోవాలని గుర్తొచ్చి దిండుకేసి కొట్టాను.

అద్దం అయిపోయింది, అంచు తుడిచి ఫ్రేములో బిగించి అక్కకి ఇచ్చి వచ్చాను. గడియారం ఇంకా వెనక్కే పరిగెడుతోంది. ఎర్రది నొక్కితే టీం తిరిగి ఆయనదవుతుంది, నేనిచ్చాను తను వద్దంది అని ఆయన ఇంకో నిట్టూర్పు విడిచి ఊరుకుంటారు. పచ్చది నొక్కితే ఋణం తీరిందనుకుంటారు. ఎటు నొక్కినా ఆయనకే సుఖం, ఎంత మంచివాళ్ళో ఈ మంచివాళ్ళు, అరవరు, కొట్టరు, ఒకర్ని పల్లెత్తు మాట అనరు, వాళ్ళ మంచితనం కింద పడి నలిగేది మాత్రం ఎప్పుడూ పక్కవాళ్ళే. కొడుకు చెడ్డవాడు, సరే, చెడ్డవాడి మీద కోపం తెచ్చుకోవడం సులువు, తెచ్చుకున్నాను, అయిపోయింది. ఈ మనిషి మీద కోపమే ఎన్నాళ్ళయినా చల్లారదు, ఎందుకంటే ఈయన నాకు ఇష్టం. ఆ ఇంట్లో నాకు ఇష్టమైంది ఈయనొక్కరే. అదే నా కడుపు మంట. పథకం ఎలా ఉందో ఇంకోసారి చూసుకున్నాను, మెత్తటి టైర్లు, తక్కువ పెట్రోలు, టైర్లు మార్చడానికి రెండు ఆగుళ్ళు, వాన సూచన లేదు, మొండోడి ఓర్పు ఇదివరకెప్పుడూ లేనంత ఎత్తులో ఉంది. ఇవాళ గెలుస్తాం, నాకు తెలుసు. వేలు పచ్చ బొత్తాం మీదికి దానంతటదే వెళ్ళింది. తీసేసి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్ చేశాను.

ఆయన వెంటనే ఎత్తారు. ఎదురుచూస్తున్నట్టున్నారు. "అమ్మా. నొక్కావా?"

ఎన్నాళ్ళకో విన్న గొంతు, కొంచెం సన్నబడింది. నాకు ఏడుపు వచ్చింది, ఏడుపు వచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది. "మీ అబ్బాయి ఇంట్లో ఉన్నాడా?" అన్నాను.

"ఉన్నాడు. భోంచేస్తున్నాడు. ఏమ్మా?"

"ఆ పాత టైరు ఎవరో చెప్పండి వాడికి. ఇప్పుడే. నేను లైన్లో ఉంటాను."

ఆయన వరండాలో ఉన్నారని తెలుస్తోంది, ఎక్కడో బకెట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు. "ఇప్పుడెందుకమ్మా అవన్నీ, అయిపోయాయి కదా" అన్నారు. ఎవరికి అయిపోయాయి మామయ్యా అన్నాను. మా అన్నయ్య ఎవడే వాడని అడిగాడు, మీకు తెలుసా అన్నాను. మా వదిన ఫోను బోర్లా పెడుతుంది, మీకు తెలుసా అన్నాను. నా గొంతు పెరిగిందేమో, బయట కౌంటరు అక్క రేడియో శబ్దం పెంచింది. "రేసు మొదలవుతుంది తల్లీ, ముందు అది నొక్కు, తర్వాత నువ్వెలా అంటే అలా" అన్నారు. మీరు చెప్పండి, నొక్కుతాను అన్నాను. "మొండోడి కష్టం పోతుందమ్మా." పోనివ్వండి. "ఇన్నేళ్ళ నుంచి పై లీగుకి..." పోనివ్వండి మామయ్యా. ఆయన ఊపిరి వినపడుతోంది, నా ఊపిరి ఆయనకి వినపడుతూ ఉండాలి, ఇద్దరం కలిసి గడియారం వైపు చూస్తున్నాం, ఆయన తన పాత టాబ్లెట్లో, నేను ఇక్కడ. నిజం చెప్పాలంటే ఆయన చెబుతారనే అనుకున్నాను. ఇంత పెద్ద రేసు పోతుంటే చూస్తూ ఊరుకోరు, కోడలి పరువు కోసం తెరవని నోరు మొండోడి కోసమైనా తెరుస్తారు అనుకున్నాను. గడియారం సున్నా అయింది. బొత్తాలు రెండూ మాయమయ్యాయి. తెర మీద ఎర్ర దీపాలు వెలిగి ఆరాయి, కార్లన్నీ ఒక్కసారి కదిలాయి, మావి కదలలేక కదిలాయి.

మొదటి మలుపుకే నలుగురు దాటేశారు. మొండోడు గట్టి టైర్ల మీద, నిండు ట్యాంకుతో, ఓర్పుగా, నేను నేర్పిన ఓర్పుతో ఒక్కొక్కళ్ళకీ దారి ఇస్తున్నాడు. "పోయింది కదమ్మా" అన్నారు మామయ్య. పోయింది అన్నాను. ఇక అడగడానికి నా దగ్గర ఏమీ లేదు, బెదిరించడానికీ లేదు. ఫోను పెట్టేద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. మొండోడు ఇంకో రెండు స్థానాలు దిగాడు. అప్పుడు అటువైపు కుర్చీ జరిగిన చప్పుడు వినపడింది, చెప్పులు ఈడ్చుకుంటూ నడక, తలుపు, ఫ్యాను హోరు, కంచంలో చెంచా చప్పుడు.

"ఒరేయ్" అన్నారు మామయ్య.

"ఏంటి నాన్నా, అన్నం దగ్గర" అన్నాడు ఆయన కొడుకు.

"ఆ రోజు అందరి ముందూ చదివావు చూడు, అమ్మాయి ఫోన్లోవి. అవి రాసింది నేను."

చెంచా ఆగింది.

"ఆ ఆట ఆడేది నేనురా. ఆ అమ్మాయికి నేర్పింది నేను. దాచమన్నదీ నేనే. నీ గేము పగలగొట్టాను కదా, సిగ్గేసింది నీకు చెప్పడానికి. తను ఏ తప్పూ చెయ్యలేదు. ఆ రోజే చెప్పాల్సింది."

వంటింట్లోంచి అత్తయ్య గొంతు, కుళాయి చప్పుడు మధ్య, "ఏంటండీ, ఏదో అంటున్నారు?" అంది. మామయ్య ఫోను నోటి దగ్గరికి తెచ్చుకున్నట్టున్నారు, మెట్లెక్కి వచ్చినట్టు ఆయాసపడుతున్నారు.

"చెప్పానమ్మా" అన్నారు, చాలా చిన్నగా.

తెర మీద మా కార్లు రెండూ ఆఖర్న ఉన్నాయి. నేను కళ్ళు తుడుచుకున్నాను.

"అత్తయ్యకి వినపడలేదు మామయ్యా" అన్నాను. "మళ్ళీ చెప్పండి, గట్టిగా."